ముప్ఫై ఒకటో క్యాసెట్టు

"నాలుగింటికి ఫైలు మూసేస్తున్నాను మేడంగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మెట్ల దగ్గర నిలబడి వాచీ చూసుకుంటూ. "ఇప్పుడు ఒంటిగంట నలభై. ఈలోగా మీరు పైగదిలో దెయ్యాన్ని పట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు."

డిటెక్టివ్ మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది. పంతొమ్మిది.

మంగళవారం మాస్టారు ఈ మెట్ల కిందే పడి ఉన్నాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరై, ఈ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. తొమ్మిదికీ పదికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. పది నలభైకి కూతురొచ్చి చూసింది. కాలు జారిందని ఇన్‌స్పెక్టరు తేల్చాడు. కూతురు ఆ మాట నమ్మలేక మర్నాడే డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టింది.

ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా పట్టుకోవడమే ఆమె పని.

"ఆ రోజు ఎనిమిది యాభైకి నాన్న మా షాపుకి ఫోన్ చేశాడు మేడం. 'తొమ్మిదింటికి ఒకాయనకి క్యాసెట్టు చూపించాలి, తర్వాత మాట్లాడతా' అన్నాడు. ఎవరని అడిగేలోపు పెట్టేశాడు. ఆ వచ్చినాయన ఎవరో గానీ, వచ్చానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

అప్పుడు ఆ అమ్మాయి చెప్పిన ఈ మాట వల్లే డిటెక్టివ్ ఈ గదికి వచ్చింది.

గది చిన్నదే. కిటికీ గట్టు మీద సిమెంటుతో బిగించిన ఇత్తడి దుర్భిణి ఒకటి ఉంది. కదలదు, తిరగదు, ఒక్కవైపే చూస్తుంది. డిటెక్టివ్ వంగి కన్నానించింది. అరకిలోమీటరు అవతల ఉన్న పెద్ద నీళ్ళ ట్యాంకు కళ్ళముందుకు వచ్చి నిలబడింది. దాని అంచు మీద తెల్ల రంగుతో ఒక చుక్క, దుర్భిణి లోపల సన్నటి గీతలు.

బల్ల మీద పాతకాలపు ఇంటి కంప్యూటరు. పలక కంటే కాస్త పెద్దది, అంతే. దాని పక్కన బొద్దు టీవీ, క్యాసెట్ రికార్డరు. గోడకున్న అరలో వరసగా క్యాసెట్లు. ఒకటి నుంచి ముప్ఫై ఒకటి దాకా, ఏడాదికొకటి.

"రోజూ పొద్దున ఆరూ పదికి నాన్న ట్యాంకు మీద చుక్క ఏ గీత దగ్గరుందో చూసేవాడు. చూసిన అంకె కంప్యూటర్లో కొట్టేవాడు. ఏడాది లెక్కంతా ఒక క్యాసెట్టు" అంది వెంట వచ్చిన కూతురు. "నేను ఒకటో తరగతిలో ఉండగా మొదలెట్టాడు. మా అమ్మ పోయిన రోజు కూడా మానలేదు."

డిటెక్టివ్ మనసులో గుణించుకుంది. పదకొండు వేల పైమాటే. ఎవరూ అడక్కుండా, ఎవరికీ చాటుకోకుండా ఒక మనిషి పదకొండు వేల సార్లు ఈ కిటికీ దగ్గర వంగాడు. ఆవిడ ఇంకోసారి దుర్భిణి వైపు చూసింది. కన్ను ఆనించే చోట ఇత్తడి అరిగి బంగారంలా మెరుస్తోంది.

"ఇందులో కేసేముందండీ?" అన్నాడు వెనకాలే వచ్చిన ఇన్‌స్పెక్టరు. "ఈ ఏడాది క్యాసెట్టు నేను బుధవారమే చదివించాను. అంతా మామూలుగానే ఉందని నిపుణుడు రాసిచ్చాడు. ఆయన్ని కూడా పిలిచాను, మీ ముచ్చట కూడా తీరుతుందని."

నిపుణుడంటే వీధి చివర రేడియోల షాపాయన. అందరికీ రేడియో బాబాయి. మాస్టారికి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు, ఆ కంప్యూటరు అమ్మింది కూడా ఆయనే. చంకలో సొంత రికార్డరు పెట్టుకుని రెండు గంటలకి మెట్లెక్కి వచ్చాడు. కూతుర్ని చూడగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"అన్నం తింటున్నావామ్మా?"

"తింటున్నా బాబాయ్."

డిటెక్టివ్ కుర్చీ చూపించింది. "మాస్టారిని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"రెండు నెలలైంది. షాపు వదిలి రాలేనండీ."

"మంగళవారం తొమ్మిదికి?"

"షట్టరు తీస్తున్నాను. రోజూ తొమ్మిదికే తీస్తాను."

"ఈ క్యాసెట్టు మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"బుధవారం పదకొండుకి. పదకొండు నలభైకి చదివి ఇచ్చేశాను. నా దగ్గర కూడా ఇలాంటి కంప్యూటరు ఒకటుంది. ట్యాంకు బొమ్మ గీసే ప్రోగ్రాము మేమిద్దరం కలిసి రాసుకున్నదే."

"ఈ పాత సామాను మీరు ఇంకా వాడుతుంటారా?"

"ఎక్కడండీ. ఇరవై ఏళ్ళుగా అటకమీదే. బుధవారం ఈయన కోసం దించాను."

డిటెక్టివ్ ఆయన రికార్డరు మూత తెరిచి చూసింది. టేపుని లాగే రబ్బరు చక్రం నల్లగా నున్నగా ఉంది. "ఇరవై ఏళ్ళు అటకమీద ఉంటే రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తాయి కదా?"

"మార్చాను. చెప్పాగా, దించాను."

"పదకొండుకి టేపొచ్చింది, పదకొండు నలభైకి చదివేశారు. ఈ మధ్యలోనే అటకెక్కి దించి, రబ్బరు మార్చి, టేపు కూడా చదివారన్నమాట. చెయ్యి బాగా తిరిగింది మీకు."

బాబాయి నవ్వాడు. ఇన్‌స్పెక్టరుకి మాత్రం మండింది. "మేడం, ఆయన సాయం చెయ్యడానికి వచ్చారు. మీరు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని తెలుసు గానీ, రబ్బరు చక్రాల్లో హంతకుల్ని వెతక్కండి."

"వెతకను. టేపు చూపించమనండి."

కూతురు మాస్టారి రికార్డరు వైపు చెయ్యి చాచింది. బాబాయి వారించాడు. "అది వద్దమ్మా, దానికి బెల్టు పోయింది. నాది పెడదాం."

తన రికార్డరుకి వైరు తగిలించాడు. ఒక పిన్ను రికార్డరులో, రెండోది కంప్యూటరు వెనక. టీవీ ట్యూను చేసి, మీటలు నొక్కి, ముప్ఫై ఒకటో క్యాసెట్టు పెట్టాడు. ముందు సన్నటి కూత, తర్వాత రేకు మీద వానపడ్డట్టు చప్పుడు. తెర అంచుల్లో చారలు పరుగెత్తాయి. నాలుగు నిమిషాలకి చప్పుడు ఆగింది. నల్లటి తెర మీద తెల్లగీత ఒకటి ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిచింది. స్కేలు పెట్టి గీసినట్టు, వంకర లేకుండా.

"చూశారా? ట్యాంకు గుండ్రాయిలా ఉంది. మాస్టారి చాదస్తం గానీ దానికేమవుతుంది" అన్నాడు బాబాయి లేస్తూ. "నాకు అర్జెంటు పనుంది ఇన్‌స్పెక్టరుగారూ. రికార్డరు ఇక్కడే ఉండనీయండి, సాయంత్రం తీసుకెళ్తా."

ఆయన వెళ్ళేసరికి రెండూ ఇరవై అయిదు.

"ఇప్పుడు సంతోషమా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ మాస్టారి రికార్డరు దగ్గరికి లాక్కుంది. "అమ్మాయ్, దీనికి బెల్టు ఎప్పుడు పోయింది?"

"పోలేదే. మొన్న ఆదివారం నాన్న నాకు పాటల క్యాసెట్టు తెచ్చాడు. దీని మీదే ఎక్కించాడు. నాకు కారులో పాత క్యాసెట్ డెక్కే ఉంది, అందుకని ప్రతి ఆదివారం ఒకటి తెచ్చేవాడు."

డిటెక్టివ్ మీట నొక్కింది. రికార్డరు ఏ బాధా లేకుండా తిరిగింది.

దాని వెనక కాగితం అంటించి ఉంది. మాస్టారి చేతిరాత, చిన్నపిల్లలకి చెప్పినట్టు: "ఇయర్ వైరు పెట్టు. మైకు వైరు పీకెయ్యి, రెండూ ఉంటే చదవదు. వాల్యూము ఏడు. ఓపిక పట్టు." కింద ఎర్ర సిరాతో ఇంకో ముక్క: "ఈ స్క్రూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ముప్ఫై ఏళ్ళు పోతాయి."

బాణం గుర్తు చూపిస్తున్న చోట ఆవగింజంత స్క్రూ. దాని తల మీద ఎర్రటి చుక్క గట్టిగా ఆరిపోయి ఉంది.

"అది నా గోళ్ళరంగు" అంది కూతురు. "ఇంటర్లో ఉండగా అడిగి తీసుకున్నాడు. టేపుని తాకే ముక్క ఉంటుంది కదా, దాన్ని హెడ్డంటారు. ఆ స్క్రూ తిప్పితే అది ఒక పక్కకి వాలుతుందట. ఏ రికార్డరు ఎంత వాలి రాస్తుందో, అంతే వాలి ఉన్నది చదివితేనే సరిగా వస్తుంది. ఎవరి కోడిగీతలు వాళ్ళకే అర్థమైనట్టని నాన్న నవ్వేవాడు."

డిటెక్టివ్ గోళ్ళరంగు చుక్కని వేలితో తడిమింది. ఎక్కడా పగల్లేదు. ఈ రికార్డరు హెడ్డు పదిహేను ఇరవై ఏళ్ళుగా వెంట్రుకంత కూడా కదల్లేదు.

"ముప్ఫయ్యోది ఇలా ఇవ్వు."

కాగితంలో ఉన్నట్టే చేసింది. మైకు వైరు పీకేసింది, వాల్యూము ఏడులో పెట్టింది. ఓపిక కూడా పట్టింది. మొదటిసారికే చదివేసింది. తెర మీద గీత మొదలైంది. కానీ తిన్నగా లేదు. మెల్లగా పైకి లేచి, గుండ్రంగా వంగి, మళ్ళీ దిగి, ఏడాది చివరికి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది.

ఆవిడ ఇరవై తొమ్మిదోది పెట్టింది. అదే వంపు. పదిహేడోది పెట్టింది, నాలుగోది పెట్టింది. అదే వంపు.

"ఎండాకాలంలో ఒక పక్క కాంక్రీటు వేడెక్కి సాగుతుంది" అంది కూతురు నెమ్మదిగా. "చలికి మళ్ళీ ముడుచుకుంటుంది. ట్యాంకు ఊపిరి తీసుకుంటుందే అనేవాడు నాన్న. నేను ఏదో సరదాకి అంటున్నాడనుకున్నా."

లక్షల లీటర్ల నీళ్ళు మోసే రాయిలాంటి కట్టడం, ఎవరి కంటికీ ఆననంత మెల్లగా, ఏడాదికొక్కసారి ఊపిరి తీస్తోంది. దాన్ని ఒక మనిషి చూశాడు. చూసి, ఈ పలకంత కంప్యూటరుకి చెప్పాడు. అది గోలగోలగా క్యాసెట్టుకి చెప్పింది. ఆ గోలలోంచి ఆ ఊపిరి ఇప్పుడు మళ్ళీ తెర మీదకొచ్చి ఆడుతోంది. ఇన్‌స్పెక్టరు ఎప్పుడు టోపీ తీశాడో ఆయనకే తెలీదు.

"ఇంతకు ముందు చూసిన గీతలో ఊపిరి లేదు ఇన్‌స్పెక్టరుగారూ" అంది డిటెక్టివ్. "మంచి ట్యాంకంటే కదలని ట్యాంకనుకున్నవాడు గీసిన గీత అది."

ఆయన తేరుకున్నాడు. "ఈ ఏడు ఎండలు తక్కువేమో. లేదా మాస్టారికి కళ్ళు ఆనక ఒకే అంకె కొట్టుకుంటూ పోయాడేమో. అనుమానం వేరు, సాక్ష్యం వేరు మేడం."

"సాక్ష్యమే చూడండి."

ముప్ఫై ఒకటోది తీసి మాస్టారి రికార్డరులో పెట్టింది. చప్పుడైతే వచ్చింది గానీ, గోడ అవతల నుంచి వచ్చినట్టు మందంగా ఉంది. పోలీసు మనిషి చెవికి ఆ తేడా తెలియలేదు. డిటెక్టివ్ ఈ పనిలోకి రాకముందు పదకొండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో కూర్చుంది. లైను మీద గొంతు ఎక్కడ మూగపోతుందో ఆ చెవులకి తెలుసు. నాలుగు నిమిషాలైనా తెర మీద ఏమీ రాలేదు. వాల్యూము ఎనిమిదికి పెంచి మళ్ళీ చూసింది. రాలేదు.

ఈసారి బాబాయి రికార్డరులో ముప్ఫయ్యోది పెట్టింది. అదే మందం, తెర ఖాళీ. ఇరవై తొమ్మిదోదీ అంతే. ముప్ఫై ఒకటోది పెట్టగానే మాత్రం చప్పుడు గణగణమంది, గీత తిన్నగా నడిచింది.

"మాస్టారివన్నీ మాస్టారి రికార్డరు చదువుతోంది. ఈ ఒక్కదాన్నీ చదవలేకపోతోంది. దీన్ని చదివేది బాబాయిగారి రికార్డరొక్కటే. అంటే దీన్ని రాసింది కూడా అదే."

ఇన్‌స్పెక్టరు రెండు రికార్డర్లనీ మార్చి మార్చి చూశాడు. "బుధవారం నా చేత్తో నేనే తీసుకెళ్ళి ఇచ్చాను" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నేనిచ్చినదే తిరిగిచ్చాడో, మార్చి ఇచ్చాడో నాకు తెలీదు. మంగళవారమే ఇక్కడ మార్చేశాడో కూడా తెలీదు."

"తెలీదని ఒప్పుకున్నారు. అదే చాలు."

కూతురు మూలనున్న మంచం మీద కూర్చుండిపోయింది. "బాబాయా? ఆయన ఎందుకు..." అని ఆగింది. తర్వాతి మాట తనే చెప్పింది. "ట్యాంకు స్తంభాలు బాగుచేసే కాంట్రాక్టు వాళ్ళ తమ్ముడిది."

ఆర్నెల్ల క్రితం ట్యాంకు కాళ్ళ చుట్టూ గోతులు తవ్వి, కొత్త కాంక్రీటు తొడిగారు. పని అయ్యేదాకా ట్యాంకులో సగానికే నీళ్ళు ఉంచారు. ఆ పనంతా బాబాయి తమ్ముడిదే.

"అసలు క్యాసెట్టు దొరకాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అది లేకపోతే కోర్టులో ఇదంతా నీళ్ళ మీద రాతే."

డిటెక్టివ్ కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న ఇంత జాగ్రత్త మనిషి కదా. రెండో కాపీ ఉంచుకోడా?"

"ఉంచుకుంటాడు. కానీ ఎక్కడో..." ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "మేడం, మొన్నటి పాటల క్యాసెట్టు. రెండో వైపు పెడితే ఒకటే గీగీమని గోల. టేపు పాడైందనుకుని తిట్టుకున్నా. కారులో ఉంది."

పంతొమ్మిది మెట్లూ ఆమె రెండేసి చొప్పున దిగి, రెండేసి చొప్పున ఎక్కింది. అప్పటికి మూడూ అయిదు.

మాస్టారి రికార్డరు ఆ గోలని మొదటిసారికే అందుకుంది. ముగ్గురూ తెర ముందు పిల్లల్లా ఒదిగి కూర్చున్నారు. గీత బయలుదేరింది. ముప్ఫై ఏళ్ళుగా లేచినట్టే మెల్లగా లేచింది, వంగింది. గోతులు తవ్విన నెల దగ్గర చిన్నగా తడబడి, కిందికి దిగడం మొదలెట్టింది. మళ్ళీ పైకి రాలేదు. మెట్టు మెట్టుగా దిగుతూ తెర అడుగున, ఆదివారం దగ్గర ఆగింది. దుర్భిణిలో గీతల లెక్క పైనుంచి కిందికి; మామూలుగా పన్నెండుకీ పద్నాలుగుకీ మధ్య ఊగే అంకె ఇప్పుడు నలభై ఒకటి.

దాని కింద మాస్టారు ఒక వాక్యం కొట్టి పెట్టాడు. అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట.

"సగం నీళ్ళకే ఇంత. నిండితే నిలబడదు. ముందు వాడికి చెప్పాలి, వాడి తమ్ముడి పని కదా."

కూతురు తెర మీద ఆ మాట పక్కన వేలుంచింది. "ఎవరికీ చెప్పకముందే బాబాయికి చెబుదామనుకున్నాడు. ఆయన పరువు పోకూడదని."

డిటెక్టివ్ ఎన్నో గదులు చూసింది, ఎన్నో చావులు చూసింది. పదకొండు వేల పొద్దులు దాచుకున్న మనిషి, ఆఖరికి అదంతా ముందుగా ఒక స్నేహితుడికే విప్పి చూపించబోయాడు. ఆవిడ కూతురి చూపు తప్పించుకోడానికి కిటికీ వైపు తిరిగింది. అప్పుడు వినిపించింది. దూరంగా, సన్నగా, ఆగకుండా ఒక గుంయ్.

"అదేం చప్పుడు?"

"మోటార్లు" అంది కూతురు. "ఇవాళ ట్యాంకు పూర్తిగా నింపుతున్నారు. వీధంతా బోర్డులు పెట్టారుగా."

ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఇందాకటి వ్యంగ్యం ఆ గొంతులో లేదు. "పంపుహౌసుకి చెప్పండి, మోటార్లు ఆపాలి, ఇప్పుడే. ట్యాంకు కింద నలభై ఇళ్ళున్నాయి, అందర్నీ బయటికి రప్పించండి. కారణం నేను చెప్తాను, ముందు పని కానివ్వండి." అవతల ఏదో విని ముఖం మాడ్చుకున్నాడు. "పన్నెండింటి నుంచి నడుస్తున్నాయట. ముప్పాతిక నిండింది."

డిటెక్టివ్ దుర్భిణికి కన్నానించింది. తెల్లచుక్క దొరకడానికి ఒక క్షణం పట్టింది. అది ఎప్పుడూ ఉండే గీత దగ్గర లేదు. ఆవిడ గీతలు లెక్కపెట్టడం మొదలెట్టి యాభై దాటాక ఆపేసింది.

"ఆయనకి ఫోన్ చెయ్యండి" అంది. "స్పీకరు పెట్టండి."

రెండో రింగుకే బాబాయి ఎత్తాడు. వెనక జనం కబుర్లు, ఎవరిదో నవ్వు.

"మాస్టారి క్యాసెట్టు దొరికింది" అంది డిటెక్టివ్. "రెండో కాపీ."

అవతల జనం చప్పుడు దూరమైంది. ఆయన పక్కకి నడిచినట్టున్నాడు. "నేను తోయలేదండీ" అన్నాడు. "క్యాసెట్టు లాక్కోబోయాను, వదల్లేదు. పడిపోయాడు."

"అది తర్వాత. ఆ క్యాసెట్టు చదివారా మీరు?"

"లేదు. చదవబుద్ధి కాలేదు. దాని పెట్టెలో ఉత్త టేపు పెట్టి, దీన్ని ఇంటికి తీసుకెళ్ళి మొత్తం చెరిపేసి తిన్నటి గీత రాశాను. బుధవారం ఇన్‌స్పెక్టరుగారికి అదే మార్చి ఇచ్చాను. మా వాడి పని గట్టిదని నాకు తెలుసు. ముసలాయన చాదస్తం వల్ల వాడి బతుకు బజారుపాలు కాకూడదని..." ఆయన ఆగాడు. "ఎంతుంది అందులో?"

"ఆదివారానికి నలభై ఒకటి. ఇప్పుడు నా కంటికి యాభై దాటింది."

ఆ అంకెలు ముప్ఫై ఏళ్ళ కింద మాస్టారితో కలిసి కూర్చుని తయారుచేసిన మనిషికి ఇంకెవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

"మీరెక్కడున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ట్యాంకు కింద." గొంతు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. "నీళ్ళు చూపిస్తానని మా తమ్ముడు పెళ్ళాం పిల్లల్ని తీసుకుని పైకెక్కాడు. ఏం ఫర్వాలేదు ఎక్కరా అని నేనే చెప్పాను."